సీలు చుట్టూ నల్ల పెట్టె: సర్టిఫికెట్ల ప్రోగ్రాము డైరీ

సోమవారం

తెనాలిలో మా బాబాయికి ప్రింటింగ్ షాపు ఉంది. పెళ్లి కార్డుల కాలం పోగా మిగిలిన రోజుల్లో దాన్ని నడిపించేవి బళ్ల సర్టిఫికెట్లు. పద్య పఠనం, చేతిరాత, ఖోఖో, ఏ పోటీ అయినా డిజైను ఒకటే, పేర్లు వందలు. ఎక్సెల్ షీటులోని పేర్లు తీసుకుని, హెడ్మాస్టరు సంతకం, బడి సీలు అతికించి వరసగా అచ్చువేసే విండోస్ ప్రోగ్రామును ఎవరో పదేళ్ల కిందట రాసిచ్చారు. దాన్ని కొత్తగా రాసే పని నా నెత్తిన పడింది.

కారణం ఒక నల్ల పెట్టె. ఈ మధ్య ఒక బడి పంపిన సీలు బొమ్మ తెర మీద గుండ్రంగా, ఊదారంగులో ముచ్చటగా కనిపిస్తుంది. అచ్చువేస్తే మాత్రం నల్లటి చతురస్రం మధ్యలో సీలు ఇరుక్కుని వస్తుంది. "తెర మీద బాగానే ఉంది కదరా, కాగితం మీదికి వచ్చేసరికి ఈ తారుడబ్బా ఏమిటి?" అన్నాడు బాబాయి. అసలు వింత ఏమిటంటే, మిగతా బళ్ల సీళ్లు అదే ప్రోగ్రాములో, అదే ప్రింటరు మీద శుభ్రంగా వస్తున్నాయి. అన్నీ పీఎన్‌జీలే, అన్నిటికీ పారదర్శక నేపథ్యమే.

రెండు ఫైళ్లనూ పైథాన్‌లో తెరిచి మూలన ఉన్న పిక్సెల్ విలువలు చూశాను. బాగా వచ్చే సీలులో 255, 255, 255, 0. నల్లగా వచ్చేదానిలో 0, 0, 0, 0. మొదటి మూడు సంఖ్యలు రంగు. చివరి సున్నా ఆల్ఫా, పిక్సెల్ ఎంత నిండుగా కనిపించాలో చెప్పే సంఖ్య. సున్నా అంటే రెండూ పూర్తిగా కనిపించని పిక్సెళ్లే. కానీ కనిపించని పిక్సెల్‌కు కూడా ఏదో ఒక రంగు ఉంటుంది. మొదటి ఫైలులో అడుగున తెలుపు దాగి ఉంది, రెండోదానిలో నలుపు. పాత ప్రోగ్రాము బొమ్మను స్ట్రెచ్‌డీఐబిట్స్ అనే విండోస్ ఫంక్షను ద్వారా ప్రింటరుకు పంపుతోంది. ఆ ఫంక్షను 32 బిట్ల పిక్సెల్‌లో నాలుగో బైటును చూడనే చూడదు. ఆల్ఫా ఊడిపోయింది, అడుగున దాగిన రంగు బయటపడింది. ఇన్నేళ్లూ ఆ ప్రోగ్రాము పారదర్శకతను అచ్చువేసిందే లేదు. తెల్ల కాగితం మీద తెల్ల పెట్టెలు వేసుకుంటూ వచ్చింది, ఎవరికీ కనిపించలేదు.

ఈ రాత్రికి ఆగిన పని సాగాలి కాబట్టి ఆ పీఎన్‌జీని తెలుపు మీద పరిచి మళ్లీ సేవ్ చేసి ఇచ్చాను. బళ్లు పంపే ప్రతి ఫైలునూ ఇలా ఎవరు కడుగుతారు? ఆ పని ప్రోగ్రామే చేయాలి.

బుధవారం

కొత్తది పైథాన్‌లో, తెరలు, అచ్చు వంటి పనులకు సిద్ధంగా కోడు ఇచ్చే క్యూట్ లైబ్రరీతో. షాపులో విండోస్, నా ల్యాప్‌టాప్‌లో లినక్స్. రెండింటి మీదా నడవాలని క్యూట్ ఎంచుకున్నాను. తెలుగు అక్షరాల కూర్పును లోపల హార్ఫ్‌బజ్ అనే భాగం చూసుకుంటుంది కనుక ఒత్తులు, గుణింతాల బెంగ లేదు. ఫాంటు మండలి.

మొదటి అచ్చులో నల్ల పెట్టె లేదు. సీలు గుండ్రంగానే వచ్చింది. కానీ సర్టిఫికెట్‌ను కంటికి దగ్గరగా పెట్టుకుంటే ఇంకో సంగతి బయటపడింది. మా డిజైనులో సీలు అంచు విద్యార్థి పేరు చివరి అక్షరాలను తాకుతుంది. అసలు సీలు అలాగే వేస్తారు కాబట్టి అది కావాలని పెట్టిందే. పరీక్షకు "విజయలక్ష్మి" అని పెట్టాను. "విజయ" వరకు అంచులు బ్లేడుతో కోసినట్టు ఉన్నాయి. "లక్ష్మి" దగ్గరికి వచ్చేసరికి క్ష కింద ఉన్న మ ఒత్తు నూగు పట్టినట్టు చెదిరింది. భూతద్దం పెట్టి చూస్తే ఒకే పేరులో సగం అక్షరాలు నిండు నలుపు, మిగతా సగం చిన్న చిన్న చుక్కల పోగు. ఆ రెండింటి మధ్య హద్దు నిలువుగా, స్కేలు పెట్టి గీసినట్టు ఉంది.

ఇది లోపం కాదు, విండోస్ మీద క్యూట్ కావాలని చేసే పని. ముందు పేజీ మొత్తాన్ని ఒకసారి చదివి ఎక్కడెక్కడ పారదర్శక వస్తువులు పడుతున్నాయో గుర్తుపెట్టుకుంటుంది. ఆ చోట్లను, కింద ఉన్నవాటితో సహా, బిట్‌మ్యాప్‌గా, అంటే పిక్సెళ్ల బొమ్మగా, మార్చి పంపుతుంది. మిగతా పేజీ వెక్టరుగానే, అంటే గీతల, ఆకారాల వర్ణనగానే, వెళుతుంది. ప్రింటరు డ్రైవరు ఆల్ఫాను కలపలేనప్పుడు అంతకన్నా దారి లేదు. షాపులోని లేజర్ ప్రింటరు డ్రైవరును గెట్‌డివైస్‌క్యాప్స్ ఫంక్షనుతో షేడ్‌బ్లెండ్‌క్యాప్స్ విలువ అడిగాను. సున్నా చెప్పింది. అంటే ఆల్ఫాబ్లెండ్ పిలుపును స్వయంగా తీర్చగల శక్తి తనకు లేదని డ్రైవరే ఒప్పుకుంటోంది.

సీలు బిట్‌మ్యాప్ అయితే నష్టం లేదు, అది పుట్టుకతోనే బిట్‌మ్యాప్. దానితోపాటు అక్షరాలు కూడా బిట్‌మ్యాప్ కావడమే ఇబ్బంది. అక్షరాల అంచున నునుపు కోసం బూడిదరంగు పిక్సెళ్లు చేరతాయి. లేజర్ ప్రింటరు దగ్గర బూడిదరంగు టోనరు లేదు, నలుపే ఉంది. కాబట్టి బూడిదను హాఫ్‌టోన్ చుక్కలుగా విడగొడుతుంది. వెక్టరుగా వెళ్లిన అక్షరానికి ఆ బాధ లేదు. రోమన్ అక్షరాలకు ఈ తేడా అంతగా తెలియకపోవచ్చు. ఒక అక్షరం కింద ఒత్తు, పైన గుడి, మధ్యలో సన్నని సందులు ఉండే మన లిపికి ఆ సందులు పూడిపోతాయి.

బుధవారం రాత్రి

లినక్స్‌లో ఏమవుతుందో చూద్దామని కూర్చున్నాను. అక్కడ క్యూట్ పీడీఎఫ్ తయారుచేసి, లినక్స్‌లో అచ్చు పనులు చూసే కప్స్‌కు అప్పగిస్తుంది. పీడీఎఫ్‌కు పారదర్శకత తెలుసు. 2001లో వచ్చిన 1.4 వెర్షనులోనే అది చేరింది. పీడీఎఫ్‌ఇమేజెస్ ఆదేశానికి లిస్ట్ ఆప్షను ఇచ్చి చూస్తే సీలు రెండు వరుసల్లో కనిపించింది: ఒకటి రంగుల బొమ్మ, రెండోది ఎస్‌మాస్క్, అంటే ఆల్ఫా ఒక్కటే ఉన్న బొమ్మ. పీడీఎఫ్ చూసే ప్రోగ్రాములో ఎంత పెద్దది చేసినా అక్షరాలు పదునుగానే ఉన్నాయి.

కాగితం మీద మాత్రం ఈసారి పేరులో సగం కాదు, పేజీ మొత్తం మసక. దారిలో పీడీఎఫ్ పోస్టుస్క్రిప్టుగా, అంటే ప్రింటరుకు పేజీని వర్ణించే పాత భాషలోకి, మారుతోంది. పోస్టుస్క్రిప్టుకు పారదర్శకత తెలియదు. ఒకదాని మీద ఒకటి వేస్తే పైది కిందిదాన్ని పూర్తిగా కప్పేయడమే దానికి తెలిసిన పద్ధతి. ఆ మార్పు చేసేది పాప్లర్ వారి పీడీఎఫ్‌టుపీఎస్ అనే ప్రోగ్రాము. అది పేజీలో ఎక్కడైనా పారదర్శకత ఉందేమో ముందే చూసి, ఉంటే పేజీని బొమ్మగా మార్చేస్తుంది. వేరే సంఖ్య చెప్పకపోతే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర. ప్రింటరు 600 డీపీఐది. మూలనున్న ఒక్క సీలు కోసం పేజీ మొత్తం నాణ్యత సగానికి పడిపోయింది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. పోస్టుస్క్రిప్టు వచ్చింది 1984లో. ఆల్ఫాతో బొమ్మలను ఎలా కలపాలో లెక్కలు కట్టి చూపిన పోర్టర్, డఫ్‌ల పేపరు వచ్చిందీ 1984లోనే. ఒకే ఏడాది పుట్టిన ఆ రెండింటి తగువు ఇప్పటికీ తెనాలిలో ఒక షాపు బల్ల మీద తీరకుండా ఉంది.

శుక్రవారం

సాయంత్రం షాపులో బాబాయికి ఇదంతా వివరించాను. ఆయన స్క్రీన్ ప్రింటింగ్ రోజుల నుంచి ఈ పనిలో ఉన్న మనిషి. ఆల్ఫా గోల అంతా విని, "నీ ప్రింటరులో తెల్ల సిరా ఉందా?" అని అడిగాడు.

"లేదు బాబాయ్."

"మరి తెలుపు అచ్చు పడదుగా. ముందే బోర్డరు అచ్చైన కాగితం పెడితే నీ తెల్ల పెట్టె దేన్ని చెరుపుతుంది?"

దేన్నీ చెరపదు. నిజమే. షాపులో సగం సర్టిఫికెట్లు ఆఫ్‌సెట్‌లో ముందే బోర్డరు, నేపథ్యం వేయించి పెట్టుకున్న కాగితాల మీదే వెళతాయి. ఆ కాగితం మీద తెల్ల పిక్సెల్ అంటే టోనరు పడని చోటు, అంతే. కింద ఉన్న ఆఫ్‌సెట్ రంగు యథాతథంగా కనిపిస్తుంది. బొమ్మలో ఏ పారదర్శకతా లేకుండానే కాగితం మీద పారదర్శకంగా ఉంటుంది. తెలుపు కప్పేసేది అదే పేజీలో మన ప్రోగ్రాము గీసినవాటిని మాత్రమే, అది కూడా సీలు కన్నా ముందు గీసినవాటిని.

అంటే గీసే వరస మార్చుకుంటే చాలు. సీలును తెలుపు మీద పరిచి, ఆల్ఫా తీసేసి, అన్నిటికన్నా ముందు పెట్టాలి. పేరు, మిగతా అక్షరాలు ఆ తరవాత దాని మీద గీయాలి. అక్షరం నిండు నలుపు, దానికి పారదర్శకత అక్కర్లేదు. చూసేవారికి సీలు మీద పేరు ఉందా, పేరు మీద సీలు ఉందా అన్న తేడా దాదాపు తెలియదు.

పరచడం చిన్న లెక్క. ప్రతి రంగుకూ: రంగు × ఆల్ఫా + 255 × (1 − ఆల్ఫా). ఇక్కడ ఆల్ఫాను 0 నుంచి 255 వరకు కాక, 0 నుంచి 1 వరకు ఉండే భిన్నంగా తీసుకోవాలి. క్యూట్‌లో దాన్ని చేతితో రాయనక్కర్లేదు. ఆల్ఫా లేని ఆర్‌జీబీ32 రకం క్యూఇమేజ్ (క్యూట్‌లో బొమ్మను పట్టి ఉంచేది) తీసుకుని, తెలుపుతో నింపి, దాని మీద సీలును డ్రాఇమేజ్ చేస్తే చాలు. కన్వర్ట్‌టుఫార్మాట్‌తో నేరుగా ఆర్‌జీబీ32కు మార్చకూడదు. అది కలపదు, ఆల్ఫాను కోసి పారేస్తుంది. మళ్లీ ఆ తారుడబ్బాయే తిరిగొస్తుంది.

విండోస్‌లో మ ఒత్తు సందులు తెరుచుకున్నాయి. లినక్స్ పీడీఎఫ్‌లో ఎస్‌మాస్క్ మాయమైంది, దానితో పేజీని బొమ్మగా మార్చే అవసరమూ పోయింది.

శనివారం

సంతకం సంగతి వేరు. అది ముద్రించిన హోదా మీదుగా, సీలు మీదుగా అడ్డంగా పోతుంది. దాన్ని తెల్ల పెట్టెగా పెడితే కింద సీలు కత్తిరించుకుపోతుంది. అదృష్టవశాత్తు సంతకం ఒకే రంగు: ఇంకు ఉంది లేదా లేదు. మధ్యస్థ స్థితి కాగితం మీద లేనప్పుడు ఫైలులో మాత్రం ఎందుకు? స్కానును ఎంకేబిట్‌మ్యాప్‌తో నలుపు తెలుపులుగా తేల్చి, పోట్రేస్‌తో గీతలుగా మార్చి ఎస్‌వీజీ అనే వెక్టరు ఫైలు తీసుకున్నాను. ఇప్పుడది నిండు నీలంతో నింపిన ఆకారం. ఎక్కడ పెట్టినా, దేని మీదుగా పోయినా ఆల్ఫా ఊసు లేదు.

పైగా సంతకం అంచు ఇప్పుడు స్కాను కన్నా పదునుగా వస్తోంది. మొదట్లో మరీ నున్నగా, కృత్రిమంగా ఉందనిపించింది. పోట్రేస్‌లో మూలలను గుండ్రం చేసే అల్ఫామ్యాక్స్ విలువ తగ్గిస్తే చేతిరాత గరుకుదనం కొంత నిలిచింది.

నేపథ్యంలో బడి చిహ్నం వాటర్‌మార్కుగా ఉంటుంది. పాత డిజైనులో అది ముదురు ఎరుపు, 8 శాతం అపాసిటీ (నిండుదనం). దీనికీ ఆల్ఫా దండగ. 128, 0, 0 అనే ఎరుపును తెలుపు మీద 8 శాతం వేస్తే వచ్చేది 245, 235, 235. ఆ లేత రంగునే నిండుగా వేసి, దాన్ని అన్నిటికన్నా అడుగున పెట్టాను.

సోమవారం

ఇక తేలాల్సింది బోర్డరు, క్రీము రంగు నేపథ్యం కూడా మన ప్రోగ్రామే గీసే రకం. తెల్ల కాగితం మీద కలర్ లేజర్‌తో మొత్తం వేసేవి. ఇక్కడ బాబాయి సూత్రం చెల్లదు, ఎందుకంటే క్రీము రంగును గీసేది మనమే. సీలు చుట్టూ తెల్ల పెట్టె కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

సీలు పడే చోట ఉన్న నేపథ్యాన్ని ఒక బొమ్మలోకి గీసి, సీలును దాని మీద కలిపి, ఆ ముక్కను తెచ్చి అక్కడ అతికించాను. లెక్క ప్రకారం క్రీము ఒకటే: రెండు చోట్లా 253, 246, 227. కాగితం మీద మాత్రం సీలు చుట్టూ లేత గులాబీ ఛాయ ఉన్న చతురస్రం. కళ్లు చికిలించి చూస్తేనే కనిపిస్తుంది, కానీ ఒకసారి కనిపిస్తే ఇక దాన్నుంచి చూపు మళ్లదు. డ్రైవరు సెట్టింగుల్లో అక్షరాలకు, గ్రాఫిక్స్‌కు, ఫోటోలకు వేర్వేరు రంగు సర్దుబాట్లు, వేర్వేరు హాఫ్‌టోన్‌లు ఉన్నాయి. వెక్టరుగా నింపిన క్రీము గ్రాఫిక్స్ ఖాతాలోకి, బొమ్మలోని క్రీము ఫోటోల ఖాతాలోకి పోతున్నాయి. సంఖ్య ఒకటే అయినా టోనరు కలిసే పాళ్లు వేరు.

డ్రైవరులో అన్నిటినీ ఒకే రకంగా పెట్టవచ్చు. షాపులో ఇంకెవరో మళ్లీ మారుస్తారు. అందుకే అతుకు అన్నదే లేకుండా చేశాను: క్రీము, బోర్డరు, వాటర్‌మార్కు, సీలు అన్నీ కలిపి పేజీ అంతటికీ ఒకే ఒక బొమ్మ. దాని మీద వెక్టరుగా అక్షరాలు, సంతకం. రెండు పొరలే, మధ్యలో ఎక్కడా ఆల్ఫా లేదు.

అడుగు బొమ్మ ఏ రిజల్యూషనులో ఉండాలన్నది కాస్త ఆలోచించవలసి వచ్చింది. ఏ4 పేజీ 600 డీపీఐ దగ్గర 4960 × 7016 పిక్సెళ్లు, పిక్సెల్‌కు నాలుగు బైట్ల చొప్పున దాదాపు 139 ఎంబీ. 300 దగ్గర 2480 × 3508, అదే లెక్కన దాదాపు 35 ఎంబీ. అందులో పదునుగా ఉండాల్సింది బోర్డరులోని సన్నగీతలే. అవి సన్నగా ఉన్నా లేత రంగులో ఉంటాయి కాబట్టి 300 చాలు. పేర్లు మారినా ఈ బొమ్మ మారదు కనుక ఒక బడికి ఒకసారి తయారుచేసి జ్ఞాపకంలో ఉంచుకుంటున్నాను.

మంగళవారం

దుమ్ము సమస్య. బాబాయి నీలి చొక్కా జేబులోంచి కళ్లద్దాలు తీసి, తెల్ల కాగితం మీద వేసిన సర్టిఫికెట్‌లో సీలు చుట్టూ వేలితో గీసి చూపించాడు. సీలు పెట్టెకు సరిపడా విడివిడిగా సన్నటి చుక్కలు, ఎవరో టోనరు విదిలించినట్టు.

దీనికి రెండు మూలాలు తేలాయి. ఒకటి, స్కాన్ చేసిన సీలు నేపథ్యాన్ని ఎవరో తీసేసినప్పుడు ఆల్ఫా పూర్తిగా సున్నా కాలేదు. చాలా పిక్సెళ్లలో 2, 3, 5 మిగిలాయి. తెర మీద కంటికి ఆనవు. హాఫ్‌టోన్‌కు మాత్రం 253 అన్నది తెలుపు కాదు, అక్కడక్కడా ఒక చుక్క వేయవలసిన రంగు. 8 కన్నా తక్కువ ఆల్ఫా ఉన్న ప్రతి పిక్సెల్‌నూ సున్నా చేశాను. రెండోది, పీడీఎఫ్‌లోకి వెళ్లే బొమ్మను క్యూట్ మామూలుగా జేపెగ్‌గా కుదిస్తుంది. జేపెగ్‌లో ముదురు గీత పక్కన ఉన్న తెలుపు అలజడి పడి 254, 252 అవుతుంది. క్యూట్ 5.13 వెర్షను నుంచి క్యూపెయింటర్‌లో లాస్‌లెస్ ఇమేజ్ రెండరింగ్ అనే సూచన ఉంది. అది పెట్టాక పీడీఎఫ్ కాస్త బరువెక్కింది, దుమ్ము పోయింది.

ఇంకో చిన్న సంగతి. బొమ్మను ప్రింటరు పిక్సెళ్ల గళ్లకు సరిగ్గా కూర్చోబెట్టాలి. 412.6 దగ్గర మొదలైతే అంచు పిక్సెల్ సగం ఒక గడిలో, సగం పక్క గడిలో పడి, అంచున మళ్లీ సగం పారదర్శకత పుడుతుంది. స్థానాన్ని పూర్ణాంకానికి సవరించి పంపుతున్నాను. రిజల్యూషనును ప్రోగ్రాములో స్థిరంగా రాసుకోకుండా ప్రతిసారీ క్యూప్రింటర్‌నే అడగాలి. హైరిజల్యూషన్ పద్ధతిలో అసలు ప్రింటరుకు దాని సొంత సంఖ్య వస్తుంది, పీడీఎఫ్‌కు 1200 వస్తుంది.

గురువారం

ప్రింట్ ప్రివ్యూను ఇక నమ్మడం మానేశాను. అది తెర మీద గీస్తుంది, తెరకు ఆల్ఫా కలపడం బాగా వచ్చు. నల్ల పెట్టె, మసక ఒత్తు, గులాబీ చతురస్రం, దుమ్ము: ఈ నాలుగింటిలో ఒక్కటీ ప్రివ్యూలో కనిపించదు. అందుకే మెనూలో "పరీక్ష పేజీ" అని ఒకటి చేర్చాను. అందులో ఆల్ఫా 0 నుంచి 16 వరకు మెట్లుమెట్లుగా గళ్లు, సీలు అంచును దాటుకుంటూ పోయే చిన్న సైజు తెలుగు పంక్తి, వెక్టరు క్రీము పక్కనే బొమ్మ క్రీము ఉంటాయి. పంక్తిలో "క్ష్మ, ర్త్స్య, స్త్రీ" వంటివే పెట్టాను. కొత్త ప్రింటరు వస్తే ముందు ఆ పేజీ వేసి చూస్తే దాని గుణం తెలిసిపోతుంది.

ఊరికే వచ్చిన లాభం ఇంకొకటి. ఒక బడివాళ్లు దాచుకోవడానికి పీడీఎఫ్/ఏ కాపీ కావాలన్నారు. 2005 నాటి పీడీఎఫ్/ఏ-1 ప్రమాణం పారదర్శకతను ఒప్పుకోదు. 2011లో వచ్చిన రెండో భాగం ఒప్పుకుంటుంది. మన పేజీలో పారదర్శకతే లేదు కాబట్టి క్యూట్‌లో ఏ1బి వెర్షను ఎంచుకుంటే చాలు, డిజైనులో ఏదీ రూపు మారలేదు.

శనివారం

కొత్త కోరిక: విద్యార్థి ఫోటో కోడిగుడ్డు ఆకారంలో కావాలి, చుట్టూ మెత్తటి నీడతో. గుడ్డు ఆకారానికి ఆల్ఫా మాస్కు అక్కర్లేదు, సెట్‌క్లిప్‌పాత్‌తో సరిపోతుంది. ఆకారం బయట గీయవద్దని చెప్పడం పోస్టుస్క్రిప్టుకు మొదటి నుంచీ తెలిసిన విద్యే. ఫోటో లోపల అన్నీ నిండు పిక్సెళ్లే. నీడ మాత్రం నిజంగా ఆల్ఫా పని, కాబట్టి అది అడుగు బొమ్మలో కలవాల్సిందే. ఫోటోలు మారినా చట్రం చోటు మారదు కనుక నీడను ఒక్కసారే వేసి ఉంచుకోవచ్చు. ఇంతలో బాబాయి, "పేర్ల మీద బంగారు రేకు మెరుపు కూడా వస్తుందా?" అని అడిగాడు. దానికి ఫాయిల్ మిషను కొనమని చెప్పాను.